జంతికలు పెట్టిన ఇంటి ఓటు

ఎన్నికల కాలం వస్తే మా ఇంట్లో టీవీ రిమోట్ నా చేతిలోకి వచ్చేస్తుంది. నాలుగు ఛానెళ్ళు నాలుగు సర్వేలు చెబుతాయి. వాటిలో అన్నిటికంటే గట్టిగా అరిచేదాన్ని తీసేసి, మిగతావాటికి సగటు కట్టి, ఏ పార్టీ ఏ పార్టీతో కలిస్తే మెజారిటీ దాటుతుందో గళ్ళు గీసి చూస్తాను. ఈ లెక్కలు నాకెవరూ నేర్పలేదు. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం చేసుకుంటూ పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. ఒకటి రెండుసార్లు నిజమయ్యాయి కూడా. దాంతో బెంగాల్లోని మా ఊళ్ళో, పూరీ గేట్ దగ్గర టీకొట్టు నడిపే బెంగాలీ అతను, "దాదా, కార్ షొర్కార్ హొబే?" అని అడగందే నాకు టీ ఇవ్వడు. సర్కారు ఎవరిదో తేల్చేదాకా గ్లాసు వదలడు.

ఈ పేరే నన్ను మా బావ చేతికి పట్టించింది.

మా బావ, అంటే మా అక్క భర్త, గూడ్సు బండి గార్డు. ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టర్‌లో ఉంటాడు. అక్కడి తెలుగువాళ్ళు ఏటా చేసే అమ్మవారి పండగకి పదిహేను మంది కమిటీ ఉంటుంది. వర్క్‌షాప్ జట్టు, ఆఫీసు జట్టు, బండ్ల మీద తిరిగే రన్నింగ్ స్టాఫ్ జట్టు పోటీ చేస్తాయి. పడ్డ ఓట్లను బట్టి సీట్లు. కమిటీలో ఎనిమిది మంది ఎవరికి చేయెత్తితే ఆయన ప్రెసిడెంటు. ప్రెసిడెంటుకి దక్కేది ఒక్కటే: ఘటాల ఊరేగింపులో పసుపు పాగా చుట్టుకుని డప్పుల కంటే ముందు నడవడం. అదీ క్వార్టర్‌లో ఉన్నవాళ్ళకే. బావ ఆ ఏటి పండగ కాగానే రిటైరై క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. రన్నింగ్ స్టాఫ్ జట్టుకి నాయకుడిగా నిలబడ్డాడు. పాగా గుడ్డ ముందే కొనేశాడు.

"బతుకంతా బండి ఎనక డబ్బాలోనే కూసున్నాన్రా బామ్మర్దీ. ఒక్కసారి ముందర నడవాల. దిల్లీ సర్కారు సెప్తావు గదా, మా కాలనీ సెప్పలేవేటి?" అన్నాడు.

సెలవు రోజున కాగితం, పెన్ను పట్టుకుని బయల్దేరాను. ఇష్టమైన ఇళ్ళకే వెళితే లెక్క వంకర పోతుంది కాబట్టి ప్రతి వరసలోనూ మూడో క్వార్టర్ తలుపు తట్టాను. అందరిదీ ఒకటే మాట: "మీ బావకే బాబూ, ఇంకెవులికేస్తాం?" సాయంత్రానికి కూడి చూస్తే పదిహేను సీట్లూ బావవే. నాకు అనుమానం వచ్చింది. ఆఫీసు జట్టు నాయకుడి కన్నతల్లి కూడా "మీ బావకే నాయనా" అంది.

రాత్రి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. "ఏటి తిన్నారేటి?" అని మా ఆవిడ అడిగింది. తిన్నవన్నీ ఇంటింటి వరసలో తలుచుకున్నాను. అప్పుడు వెలిగింది. బావ ప్రాణస్నేహితుడి ఇంట్లో ఉత్త టీ ఇచ్చారు, అదీ చల్లారింది. ఆఫీసు నాయకుడి తల్లి మాత్రం జంతికలు, బెల్లం పోకుండలు, పైన రసగుల్లాలు పెట్టి, నేను లేచిపోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంటికొచ్చిన బామ్మర్దిని కాదనలేరు. వెయ్యబోని ఓటుకి బదులు పళ్ళెం నింపుతారు. కొత్త సూత్రం రాసుకున్నాను: టీ ఒక్కటే అయితే నిండు ఓటు, జంతికలు పెడితే అర ఓటు, తీపి పెడితే సున్నా.

ఆ లెక్కన ఆఫీసుకి ఆరు, వర్క్‌షాప్‌కి ఆరు, బావకి మూడు వచ్చాయి. మర్నాడు వెళ్ళి చెప్పాను. "నువ్వు ఎటు కలిస్తే అటు సర్కారు పడుతుంది బావా. డిప్యూటీ పదవి ఖాయం."

"డిప్యూటీ ఎక్కడ నడుస్తాడు?"

"ప్రెసిడెంటు వెనకాల."

"అంటే మళ్ళీ ఎనకేనా!" అని బావ పాగా గుడ్డ పెట్టెలో పెట్టేశాడు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. "ఒరే తమ్ముడూ, ఆళ్ళు పెట్టింది నువ్వు తినీసినావు కాబట్టి ఆళ్ళ మనసు తేలికైపోనాదంటావు. తినకపోతే?"

"అక్కా, సర్వే అయ్యాక ఓటర్లని కదపకూడదు. లెక్క చెడిపోతుంది."

"నీ లెక్క కోసం నా మొగుడున్నాడేట్రా?"

ఆ పూట నుంచే ఇంటింటికీ తిరిగింది. పళ్ళెం రాగానే పక్కకి నెట్టేది. "ఒద్దొదినా. మా ఆయన పాగా సుట్టుకున్నాకే మీ సేతి జంతిక తింతాను." టీ కూడా ముట్టలేదు. పెట్టినది తినని ఆడపడుచుని సాగనంపి, ఆ ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లో దిగాలుగా నిలబడేవారు. నా సూత్రంలో ఆ నిలబడ్డానికి విలువ లేదు.

ఓట్లు లెక్కపెడితే మూడు జట్లకీ సీట్లు అయిదు, అయిదు, అయిదు. ఎవరికీ మెజారిటీ లేదు. నేను ఉత్సాహంగా గళ్ళు గీసి, ఆఫీసు, వర్క్‌షాప్ కలిసిపోతాయని అక్కడే ప్రకటించాను. ఆఫీసు నాయకుడు లేచి, "పోయినేడు మైకు నా సేతిలోంచి లాక్కున్నోడు ప్రెసిడెంటా? నాను ఒప్పను" అన్నాడు. వర్క్‌షాప్ నాయకుడు, "మైకు ఇడవనోడికి నాను సెయ్యెత్తను" అన్నాడు. ఎవరు ఎవరితో కలుస్తారో రాసుకున్నాను గానీ, ఎవరు ఎవరిని చూడలేరో రాసుకోలేదు. ఇద్దరికీ కోపం లేని మనిషి ఒక్కడే మిగిలాడు. ఊరేగింపులకి ఎప్పుడూ డ్యూటీలోనే ఉన్నాడు కాబట్టి మా బావతో దెబ్బలాడే అవకాశం ఎవరికీ దొరకలేదు.

పండగ రోజున బావ పసుపు పాగా చుట్టుకుని అన్నిటికంటే ముందు నిలబడ్డాడు. డప్పులు మొదలయ్యాయి. ఘటాలు తలకెత్తారు. బావ కదల్లేదు. మెడ తిప్పి వెనక్కి చూస్తూ నిలబడిపోయాడు.

"నడువు బావా!" అని అరిచాను.

"ఎనకనించి సిగ్నల్ ఏదిరా?" అన్నాడు. గార్డు జెండా ఊపందే బండి కదలదు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ జెండా ఊపింది ఆయనే.

జనమంతా నవ్వుతున్నారు. ఊరేగింపు చివర ఉన్న అక్క నోట్లో ఆఫీసు నాయకుడి తల్లి పెట్టిన జంతిక ఉంది, మాట్లాడ్డానికి లేదు. తన ఆకుపచ్చ చీర కొంగు పైకెత్తి ఊపింది.

బావ నడిచాడు.