ఇద్దరికీ ఒక్క సైకిలు

సైకిలు ఎక్కకుండా పక్కన నడిపించుకుంటూ పోతే వెనక చక్రం దగ్గర టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వస్తుంది. తొక్కుతున్నంతసేపూ అది వినబడదు. పోయిన ఆదివారం పొద్దున్న, చిత్తడి నేల మధ్య బాట మీద నేను సైకిలు తొక్కుతుంటే, ఆ చప్పుడు నా వెనక నుంచి వచ్చింది. పర్యాటకుల్లో ఎవరో ఒక అమ్మాయి అద్దె సైకిలు దిగి, మొగుడితో కబుర్లు చెప్పుకుంటూ నడిపించుకొస్తోంది. ఆ చప్పుడుకి నాకు పైడమ్మ గారు గుర్తొచ్చారు. కాసేపు తొక్కబుద్ధి కాక, పక్కనే ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను.

నాకు మోకాళ్ళ నొప్పులు. ఎత్తుపల్లాలు లేని చోట నెమ్మదిగా సైకిలు తొక్కమని విశాఖపట్నం డాక్టరు చెప్పాడు. ఈ ఏజెన్సీ కొండల్లో అలాంటి చోటు ఎక్కడుందో కూడా ఆయన్నే రాసిమ్మని అడగాల్సింది. నా అదృష్టం కొద్దీ అరకు దిగువన, కొండల్లోంచి దిగే గెడ్డ నీళ్ళు చేరి నిలిచిపోయే పల్లం ఒకటుంది. జమ్ము, కలువలు, కొంగలు, నీటికోళ్ళు. దాని మధ్య నుంచి పోయే గట్టుని ఈమధ్య చదును చేసి, రాళ్ళు పరిచి, పిట్టల బొమ్మలతో బోర్డులు పెట్టి, సైకిళ్ళు అద్దెకిస్తున్నారు. వచ్చినవాళ్ళంతా సరదాగా తొక్కుతారు. నేను మందు మింగినట్టు తొక్కుతాను. ఈ కొండల్లోనే నర్సమ్మగా చేరి, ఇప్పుడు సూపర్వైజరుగా ఉన్నాను. సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే మానేయాలా వద్దా అన్నది ఏడాదిగా తేలడం లేదు. ఘాట్ రోడ్డులో జీపు కుదుపులు, ఫోన్లో ఎక్కించాల్సిన వివరాలు, సాయంత్రం మీటింగులు, మధ్యలో ఎవరికో పురిటినొప్పులు. పడుకుని లేచినా బడలిక బడలికగానే ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇదే గట్టు మట్టిబాట. దాని అవతల, కొండ మొదట్లో ఉన్న ఊళ్ళు మా కిందికి వచ్చేవి. అప్పుడు మా సూపర్వైజరు పైడమ్మ గారు. కురుపాం వైపు మనిషి. పొట్టిగా, దిట్టంగా, ఎప్పుడూ ఎవరినో తిట్టబోతున్నట్టు ఉండేవారు. నిజానికి తిట్టేది తక్కువే. జీపు మమ్మల్ని గట్టు మొదట్లో దింపేసి పోయేది. అక్కణ్ణుంచి మా ఇద్దరికీ ఉన్నది ఒక్క సైకిలు. వెనక సీటు మీద టీకాల పెట్టె కట్టేసి ఉండేది కాబట్టి ఇద్దరం ఎక్కే వీల్లేదు.

దానికి ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. మొదట ఆవిడ తొక్కుకుంటూ తూము దాకా పోయి, సైకిలు అక్కడ ఆనించి, నడక మొదలెడతారు. నేను నడుచుకుంటూ తూము దగ్గరికొచ్చి, సైకిలు ఎక్కి, ఆవిణ్ణి దాటిపోయి, మోటారు షెడ్డు దగ్గర వదిలి నడుస్తాను. మళ్ళీ ఆవిడ వచ్చి ఎక్కి, నన్ను దాటి జీలుగు చెట్టు దాకా. ఇద్దరం సగం తొక్కి, సగం నడిచి, ఇంచుమించు ఒకేసారి ఊళ్ళోకి చేరేవాళ్ళం. అలుపు రాకపోయినా చెప్పిన చోట దిగాల్సిందే. దారిలో ఒకరి కోసం ఒకరు ఆగేది లేదు. దాటిపోయేటప్పుడు బెల్లు కొడితే అదే పలకరింపు.

సైకిలు అలా తాళం లేకుండా వదిలేస్తుంటే మొదట్లో నాకు ప్రాణం కొట్టుకునేది. ఎవరైనా ఎత్తుకుపోతేనో అని ఒకసారి అడిగాను.

"మన సైకిలు ఎవుడు ముట్టుకుంతాడే? సూదిమందు సైకిలని గుంటలు దాని నీడ కూడా తొక్కరు" అన్నారు.

అది నిజమే. అన్నం తినని పిల్లల్ని ఆ ఊళ్ళల్లో మా సైకిలు బెల్లు పేరు చెప్పే బెదిరించేవారు.

పెళ్ళైన మరుసటి ఏడు నాకు కడుపు నిలవలేదు. అప్పటికి బిడ్డ కదలిక తెలుస్తోంది. సాలూరులో మా అత్తవారింట పడుకున్నన్నాళ్ళూ అందరూ ఒకటే మాట. కొండల్లో ఆ నడక, ఆ సైకిలు, బిడ్డ ఎలా నిలుస్తుంది అని. మా ఆయనకి అక్కడే మందుల కొట్టు. ఉద్యోగం మానేసి కొట్లో కూర్చోమన్నాడు. ఆయన కోప్పడి అనలేదు, భయపడి అన్నాడు. నేనూ అదే నమ్మాను. నా చేతులారా పోగొట్టుకున్నానని రోజూ ఏడ్చేదాన్ని. ఆ నెలాఖరుకి మానేస్తానని ఇంట్లో చెప్పి, చివరిగా కొన్నాళ్ళు పనిచేద్దామని కొండెక్కాను.

ఆ రోజు తూము దగ్గరికి వచ్చేసరికి సైకిలుతో పాటు పైడమ్మ గారు కూడా ఉన్నారు. తూము మీద కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకున్నారు. ఆవిడ ఆగడం నేను ఎరగను. కూర్చోమన్నారు. నేను మానేస్తున్నట్టూ, ఎందుకు మానేస్తున్నదీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆవిడ ఓదార్చలేదు. ఎదురుగా కొండ మీద కట్టెల మోపుతో దిగుతున్న ఒక నిండు చూలాలిని చూపించారు.

"నడిసినందుకే కడుపు పోద్దనుకుంతే ఈ కొండల మీద ఒక్క గుంటడు కూడా పుట్టడు గదే. అది నువ్వు సేసింది కాదు" అన్నారు. కాళ్ళు నీళ్ళల్లోంచి తీసి, "మానేత్తే మానీ. నానడ్డు రాను. గానీ అలిసిపోయున్న రోజున మానకు. అలిసిపోని రోజు సూడు. ఆ రోజు కూడా మానాలనిపిత్తే, అప్పుడు మానీ" అన్నారు.

ఆ మాటకి నాకు ధైర్యమేమీ రాలేదు. ఒక వాయిదా దొరికింది, అంతే. ఇంటికి ఫోను చేసి ఇంకో నెల చూస్తానన్నాను.

ఆ తర్వాత సైకిలు నాకు తూము దాకా పోకముందే కనిపించడం మొదలైంది. ఒకరోజు మలుపు దగ్గర, ఇంకోరోజు మలుపుకి ఇవతల. నా నడక తగ్గించడానికి ఆవిడ ముందే దిగిపోతున్నారు. అప్పటికే ఆవిడ పాదాలు సాయంత్రానికి వాచిపోయేవి. అడిగితే దిగబుద్ధైన చోట దిగుతానని కసిరారు. నాకూ పౌరుషం వచ్చింది. నేనూ షెడ్డు దాకా పోకుండా ముందే వదిలేసి నడవడం మొదలెట్టాను. ఆవిడ ఇంకాస్త ముందు, నేను ఇంకాస్త ముందు. ఒకరోజు చూసుకుంటే ఇద్దరం గట్టు పొడుగునా పక్కపక్కన నడుస్తున్నాం. సైకిలు మా మధ్య టిక్కుటిక్కుమంటోంది. దాని మీద టీకాల పెట్టె ఒక్కటే హాయిగా ఊరేగుతోంది. ముందు ఆవిడ నవ్వారు. బిడ్డ పోయాక నేను నవ్వింది అదే మొదలు. ఇంతకీ తొక్కేదెవరని అడుగుతూ, ఊరు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆ రోజు నుంచి అలా నడిచే వెళ్ళేవాళ్ళం. కొన్నాళ్ళకి నా కూతురు కడుపున పడింది. నెలలు నిండేదాకా ఆ గట్టు మీద నడుస్తూనే ఉన్నాను.

ఆవిడ రిటైరై కురుపాంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత, జబ్బు చేసిందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద ఉన్నారు. కాళ్ళు తలగడల మీద పెట్టి ఉన్నాయి. నన్ను గుర్తు పట్టగానే అడిగారు.

"ఏటే, ఇంకా ఉజ్జోగం మానీనేదా?"

"అలిసిపోని రోజు దొరకనేదమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వబోయి దగ్గారు. చెల్లెలు వచ్చి నీళ్ళు తాగించాక, "నాకూ దొరకనేదు. అలగలగే రిటైరైపోనాను" అన్నారు.

అది పోయిన ఏడాది వానల ముందు. వానలు ముగిసేలోపే ఆవిడ పోయారు. కబురు నాకు ఆలస్యంగా అందింది. అప్పటి నుంచి ఆ చివరి మాట నన్ను వదలడం లేదు. నన్ను నిలబెట్టిన మాట ఆవిడకు మాత్రం ఎప్పుడూ బయటికి తలుపు తీయలేదని తెలిసి, దిగులుగా ఉండేది. ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. తను కూడా ఎప్పుడైనా మానేయాలనుకున్నారా, ఎన్నిసార్లు అనుకున్నారు, ఏదీ నాకు తెలియదు. అడగాలని అప్పుడు తోచలేదు.

బల్ల మీద ఎంతసేపు కూర్చున్నానో. ఎండ పైకి వచ్చింది. జమ్ములోంచి ఒక నీటికోడి పిల్లలతో బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది. నన్ను ఎవరూ పిలవలేదు. కొండ దిక్కు నుంచి జీపు రాలేదు. లేచి, తొందరేమీ పడకుండా, గట్టు చివరిదాకా తొక్కుకుంటూ వెళ్ళి తిరిగొచ్చాను. దిగినప్పుడు మోకాళ్ళు సలపలేదు. ఒంట్లో ఎక్కడా బరువు లేదు. నా ఒళ్ళేనా అనిపించి, కాసేపు సైకిలు పట్టుకుని నిలబడ్డాను. మనసుని అడిగితే, అది మాత్రం ఇక చాలనే అంది.

సాలూరుకి ఫోను చేశాను. మానేస్తున్నానని మా ఆయనకి చెప్పాను. ఆయన గొంతులో కంగారు.

"ఏటి, బాగా అలిసిపోనావా?"

"నేదండీ" అన్నాను. "ఈరోజు అలిసిపోనేదు. అందుకే సెప్తన్నాను."