పన్నీరు బుడ్డి

ఈ రోజు మార్కాపురంలో మా కథల పుస్తకం ఆవిష్కరణ జరిగింది. మహిళా కళాశాలలో కలిసి డిగ్రీ చదివిన నలుగురం రాసిన పుస్తకం. వేదిక మీద ‘కొత్త రాష్ట్రానికి కొత్త కలాలు’ అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని కింద ఐదు కుర్చీలు వేశారు. ఐదూ అతిథులకే.

సభ పెట్టిన పెద్దాయన మా చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చారు. “గుమ్మం కాడ నిలబడి వచ్చినోళ్లకు చల్లండమ్మా.”

“పుస్తకం రాసింది మేమే కదన్నా?” అంది మా నలుగురిలో త్రిపురాంతకం నుంచి వచ్చిన మరియమ్మ.

“రాసినారు లేమ్మా, ఎవరు కాదన్నారు? ఆడపిల్లలు వాకిట్లో ఉంటే సభకు కళ.”

కాలేజీలో మూడేళ్లూ ప్రతి ఫంక్షన్‌కీ పన్నీరు చల్లినవాళ్లమే మేం. మరియమ్మ బుడ్డిని తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. “అట్లయితే నువ్వే చల్లన్నా. మేం పైకి పోతాండాం.”

హాల్లోని ఇనుప కుర్చీలు నాలుగు మేమే వేదిక మీదికి మోసుకెళ్లి, అతిథులకు ముందు వరసలో వేసుకుని కూర్చున్నాం. దిగమని ఒక్కరూ అనలేదు.

పెద్దాయన పన్నీరు బాగానే చల్లారు. మీ ఊరి సభల్లో ఆ బుడ్డి ఎవరు పట్టుకుంటారో చెప్పండి. మా ఊళ్లో ఇవాళ్టితో చేతులు మారింది.