నొగ కింద భుజం

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండీ నిండని రోజుల్లో, మా నాన్న ఒక పాత జీపును బాడుగకు తిప్పేవాడు. మదురై ఊరి చివర ఉండేది మా తెలుగు వీధి. ఎన్ని తరాల కిందట వచ్చి స్థిరపడ్డామో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. ఆ వీధిలో సగం మంది ఒకప్పుడు ఎద్దుబండ్లు తోలినవాళ్లే. మా నాన్నను కన్నతల్లి, మా అవ్వ, ఆమె కూడా తోలింది. తాత పోయాక మగవాళ్లు నవ్వుతున్నా లెక్కచేయకుండా వాడిపట్టి సంతకు బెల్లం తోలి పిల్లల్ని పెంచింది. నాకు ఊహ తెలిసేసరికి ఎద్దులూ లేవు, బండీ లేదు. బండి కబుర్లు మాత్రం మిగిలాయి. మా నాన్నకు అవి చెవిలో పోరు.

ఒక వేసవిలో వైగై ఆనకట్ట దగ్గర చేపలు పట్టేవాళ్లు సముద్రం వైపు నుంచి పాత కర్ర పడవ ఒకటి తెప్పించుకున్నారు. లారీ దాన్ని మా వీధి మొదట్లో దించి వెళ్లిపోయింది. అక్కడి నుంచి ఆనకట్ట దాకా ట్రెయిలర్ మీద లాక్కెళ్లే పని మా నాన్న ఒప్పుకున్నాడు. ఎండలో ఎక్కువ రోజులుంటే పలకలు విచ్చుకుంటాయని తొందర. ఉసిలంపట్టి దాటాక దారి కొండల మధ్య నుంచి పోతుంది. ఆ కనుమను మేము కణవాయి అంటాం. అందరి భయమూ ఆ కణవాయి మీదే.

వీధి మగవాళ్లంతా సాయానికి వచ్చారు. పడవ ఇంజను, లంగరు, వలల మూటలు అన్నీ పడవ ముందు భాగంలో, జీపు వైపుకు సర్దారు. ఎద్దుబండి మిట్ట ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరిగి కాడి పైకి లేస్తుంది, ఎద్దు మెడ తాడు బిగుసుకుంటుంది. అందుకని మిట్ట దారికి ముందు వైపు బరువు ఎక్కువ వేయడం మావాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. ట్రెయిలర్‌ను తగిలించగానే జీపు వెనకభాగం కిందికి కుంగి, ముందుభాగం పైకి లేచింది. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలకు చెరో రెండు పట్టీలు అదనంగా వేయిస్తే సరిపోతుందని నాన్న అన్నాడు. అందరూ సరేనన్నారు, అవ్వ తప్ప.

"పట్టీలు తరవాత వేద్దువు గానీ, బరువు యాడుండాదో మొదట చూడరా" అంది.

"అమ్మా, ఇది ఎద్దుబండి కాదు. నువ్వు సుమ్మా ఉండు, ఊరుకో" అన్నాడు నాన్న, నలుగురి ముందూ. అవ్వ మొహం చిన్నబోయింది. నాకు నాన్న మీద కోపం వచ్చింది, కానీ ఆ వయసులో మన కోపం ఎవరికి కావాలి?

పట్టీలు వేయించాక జీపు గీత గీసినట్టు నిలబడింది. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. మరునాడు పొద్దున బయలుదేరాం. ఎవరూ పిలవకపోయినా అవ్వ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుంది.

ఉసిలంపట్టి దాకా గుంత వచ్చినప్పుడల్లా నడ్డి విరిగేటట్టు ఎగిరిపడ్డాం, అంతే. కణవాయి ఎక్కడం మొదలయ్యాక నాన్న ముందుకు వంగి కూర్చున్నాడు. స్టీరింగును ఆయన చాలా తేలిగ్గా తిప్పుతున్నాడు, అయినా జీపు తిరగవలసినంత తిరగడం లేదు. ఆయన మెడ మీద చెమట కారడం నాకు కనిపిస్తూనే ఉంది. ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. నాన్న స్టీరింగు పూర్తిగా తిప్పాడు. జీపు మాత్రం మలుపును వదిలేసి తిన్నగా లోయ వైపు పోయింది. అంత భయం నేను మళ్లీ జన్మలో పడలేదు. అవ్వ చెయ్యి నా కడుపును పట్టి సీటుకేసి నొక్కింది. బ్రేకుల చప్పుడు, వెనక పడవ మూలుగు, ఆ తర్వాత నిశ్శబ్దం. ముందు చక్రం గట్టు రాయికి ఆనుకుని ఆగింది. రాయికి అవతల చెట్ల తలలు కనిపిస్తున్నాయి.

బస్సులోవాళ్లు దిగి సాయం పట్టి, జీపును రోడ్డు మీదికి నెట్టారు. అక్కడి నుంచి సమనేల వచ్చేదాకా అవ్వ తల మీది తువ్వాలు చేత్తో ఊపుతూ ముందు నడిచింది, మేము ఆమె వెనక నడక వేగంతో పోయాం. సమనేల మీద నాన్న దిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఇప్పుడు అవ్వ తిడుతుందని నేను కాచుకున్నాను. ఆమె తిట్టలేదు. ట్రెయిలర్ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించి, జీపు నుంచి విప్పించింది. జీపుకు తగిలించే ఆ ఇనుప దూలాన్ని కాడి కట్టే బండి నొగలాగే చూపిస్తూ, దాని కింద భుజం పెట్టి లేపమంది.

నాన్న కూర్చుని భుజం ఆనించాడు. పైకి లేవలేకపోయాడు. రెండోసారి మోకాళ్లు వణికాయి.

"పట్టీలు వేయించడం తప్పంటావా?" అన్నాడు చివరికి, తల ఎత్తకుండా.

"తప్పు కాదురా అబ్బయ్యా. జీపు కుంగతా వుండిందే, అది నీతో చెప్పతా వుండింది. నువ్వు దాని నోరు కట్టేసినావు. బరువు అట్లనే వుండాది, ముందు చక్రాలకు నేల మీద పట్టు లేదు."

ఆ తర్వాత ఆమె ఒక సంగతి చెప్పింది. మా నాన్న కూడా అంతకుముందు వినలేదట. తాత పోయిన మొదటి ఏడు, ఎవరి సలహా అడగడానికీ నామోషీ అనిపించి, బెల్లం దిమ్మెలన్నీ బండి ముందుకే వేసుకుని పోయిందట. ఎడమ ఎద్దు నడక తగ్గించింది. అది చెబుతున్నదేమిటో ఆమె వినలేదు, కర్రతో పొడిచింది. వాడిపట్టి కనుచూపు మేరలోకి వచ్చీ రాకముందే ఎద్దు మోకాళ్ల మీద పడింది, మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి కాడిని ఎద్దు మెడ మీద పెట్టే ముందు, బరువు వేసిన బండి నొగను ప్రతిసారీ తన భుజం మీద మోసి చూసుకునేదట.

"దాని కండ్లు ఇంకా నాకు కనపడతానే వుండాయి" అంది, అంతే.

నాన్న లేచి కసిగా ఇంజనూ లంగరూ మూటలూ అన్నీ పడవ వెనక్కి చేరవేశాడు. ఈసారి నొగ దానంతట అదే గాల్లోకి లేచింది. అవ్వకు నవ్వొచ్చింది. ఇట్లా పోతే ట్రెయిలర్ తోక ఊపుతూ జీపును పాముమెలికలు తిప్పుతుందని చెప్పి, లంగరును మళ్లీ ముందుకు తెప్పించింది, ఒక మూటను నడిమికి జరిపించింది. ప్రతి మార్పుకూ నాన్న భుజం పెట్టి చూడవలసిందే. చివరికి ఒక్క ఉదుటున లేపి, ఊపిరి బిగబట్టకుండా నిలబడగలిగాడు. అప్పుడు అవ్వ నన్ను పిలిచి నాన్న పక్కన నా భుజం కూడా ఆనించమంది. ఆ ఇనుము ఎండకు కాలుతోంది. బరువు ఎముకలోకి దిగింది. నాన్న నా వైపు చూశాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

మిగతా దారి జీపు చెప్పినట్టు విన్నది. పడవ మధ్యాహ్నానికి నీళ్లలో దిగింది. తర్వాతి వారం నాన్న అదనపు పట్టీల్లో చెరొకటి తీయించాడు, చెరొకటి ఉంచాడు. ఆ ఉంచినవి అవ్వను అడిగే ఉంచాడు.

నేను పెద్దయ్యాక కోయంబత్తూరు నూలు మిల్లులో ఆడపిల్లల మీద అజమాయిషీ చేశాను. ఎవరికైనా కొత్త మిషను అప్పగించే ముందు ఒక పూట నేనే నడిపి చూసేదాన్ని. అది గొప్పగా చెప్పుకుంటూ ఉండేదాన్ని కూడా. ఇంట్లో మాత్రం ఆ సంగతి మరిచిపోయాను. నా కోడలు వచ్చిన రెండో ఏడాదికి మాట తగ్గించింది. ఇల్లు నిమ్మళంగా ఉందని నేను సంతోషించాను. ఒకరోజు ఆమె పుట్టింటికి వెళ్తే, తెల్లవారుజామున నీళ్లు పట్టడం దగ్గర నుంచి ఆమె పనంతా నేనే చేశాను. సాయంత్రానికి వంటగది నేల మీద కూలబడి ఏడ్చాను. ఆ మౌనం నాతో ఏం చెబుతూ వచ్చిందో అప్పుడు తెలిసింది. మరునాటి మొదటి బస్సుకు ఆమె పుట్టింటికి నేనే వెళ్లి, వాళ్ల అమ్మ ముందే, తప్పు నాదని చెప్పాను.