తడి చేతులు, పొడి నోరు

నా చిన్నప్పుడు, నకరికల్లు వైపు మా ఊళ్లో, అమ్మ కాలి కురుపులోంచి నారిపురుగును పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున బయటికి లాగడం చూస్తూ పెరిగాను. మేం తాగేది కుంట నీళ్లు. ఆ నీళ్లతో కడుపులోకి పోయిన పురుగు ఏడాదికి కాలిలో కురుపై లేచేది. అది లేచినన్నాళ్లూ అమ్మ కలుపు తీతకు పోలేక మంచంలో ఉండేది.

పై దేశంలో కొందరు కలిసి నడిపే ఒక చిన్న ధర్మసంస్థ, ఊరి బయట ఉన్న మా క్రైస్తవుల వాడ కోసమని చేతిపంపు ఇచ్చింది. స్థలం చూపించాల్సింది మా ఊరి ప్రెసిడెంటు. ఆయన తన గొడ్లచావిడి పక్కన చూపించాడు. పంపు వాడవాళ్లకే అందిందనడానికి ఫోటో కావాలన్నారట. మా వాడ పిల్లలం ఏడుగురం. తలకు నూనె రాయించి పంపు చుట్టూ నిలబెట్టారు. నన్ను ముందు పెట్టి ధార కింద దోసిలి పట్టమన్నారు. ఫోటో తీయడం కాగానే, దోసిలి నోటిదాకా పోకముందే, ప్రెసిడెంటు జీతగాడు మమ్మల్ని తోలేశాడు. వారం తిరిగేసరికి చుట్టూ నాపరాళ్లు పాతించి, ప్రెసిడెంటు పంపును తన దొడ్లో కలిపేసుకున్నాడు.

ఫోటో తీసిన రోజు ఇంటికి రాగానే మా నాయనమ్మ నా చేతులు తడిమి చూసింది.

"చేతులు తడి, నోరు పొడి. బానే ఉంది," అంది.

అరవలేదు, తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది.

నాయనమ్మ ఏడాది ఆగింది. ఆ ఏడూ అమ్మ కాలికి కురుపు లేచింది. ధర్మసంస్థ తరఫున ఒక దొరసానమ్మ పంపు చూడడానికి వస్తోందని తెలిసిన రోజు, నాయనమ్మ మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇత్తడి గ్లాసును చింతపండు వేసి తోమింది. ఊళ్లోకి పోయే బండి ఏదైనా మా వాడ ముందు నుంచే పోవాలి. మర్నాడు పొద్దున్నే అమ్మను నులక మంచంతో సహా రోడ్డు పక్కకు చేర్పించి, జీపు కనబడగానే తాను అడ్డంగా నిలబడింది. ముందు సీట్లో ప్రెసిడెంటు. వెనక దొరసానమ్మ, ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి నరసరావుపేట నుంచి వచ్చిన టీచరమ్మ.

"ఏందే ముసలీ, పక్కకు లెయ్," అన్నాడు ప్రెసిడెంటు.

"గడప ముందుకొచ్చిన మనిషికి గుక్కెడు నీళ్లన్నా ఇయ్యొద్దాయ్యా?"

దొరసానమ్మ నవ్వుతూ దిగింది. నాయనమ్మ కుండలోంచి కుంట నీళ్లు ముంచి గ్లాసు అందించింది. మట్టిరంగు నీళ్లు. మర్యాద కోసం ఆమె గ్లాసు పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది; గ్లాసు అడుగున నాయనమ్మ చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"అమ్మా, తాగమాకండి! అయ్యి తాగే నీళ్లు కాదు!" ప్రెసిడెంటు జీపులోంచి దూకినంత పని చేశాడు.

నాయనమ్మ ఏడాదిగా ఎదురుచూసింది ఆ మాటకే.

"ఎందుకు తాగకూడదో నువ్వే చెప్పయ్యా. నా కోడలు చానా ఏళ్లుగా ఇయ్యే తాగతా ఉంది."

టీచరమ్మ ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. దొరసానమ్మ అమ్మ కాలినీ, పుల్లకు చుట్టిన పురుగునూ చూసింది. సంచిలోంచి ఫోటో తీసి, నా వంక చూసి గుర్తుపట్టింది. ఆ పంపు నీళ్లు ఎలా ఉన్నాయని అడిగించింది.

"తెలవదండీ. తాగనియ్యలా," అన్నాను.

అప్పుడు ప్రెసిడెంటు మొహం పాలిపోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తలుచుకుంటే ఈ వయసులోనూ హాయిగా ఉంటుంది.

వాడంతా పంపు దగ్గరికి నడిచాం. ఫోటోలో లేని రాళ్ల వరస చూసి, దొరసానమ్మ దాని ముందు కుర్చీ వేయించుకుంది. అవి లేచేదాకా తాను లేవనంది. మా మగవాళ్లు గడ్డపారలు తెచ్చారు. నాయనమ్మ ఆపింది.

"మొదటి రాయి పాతించినాయనే పీకాల."

పీకాడు. తెల్లటి పంచె మోకాళ్ల దాకా మట్టయింది. తర్వాత నాయనమ్మ పంపు కొట్టి, గ్లాసు నిండా నీళ్లు పట్టి ఆయనకే ఇచ్చింది.

"ముందు నువ్వు తాగయ్యా."

మా వాడతో పనిబడితే రోడ్డు మీదే నిలబడి మాట్లాడే మనిషి. మా గ్లాసు ఏనాడూ ముట్టనివాడు. దొరసానమ్మ చూస్తోంది. తాగాడు. అడుగున కాస్త మిగిలితే, అదీ తాగేదాకా నాయనమ్మ చెయ్యి చాపి అలాగే నిలబడింది.

"కుంట నీళ్లు ఆమె నిజంగా తాగి ఉంటేనో?" అని తర్వాత అడిగాను.

"ఎట్ట తాగుద్దే? గ్లాసు నేను వదిలితేగా!"

ఆ సాయంత్రం బడి నోటుబుక్కు వెనక పేజీలో ఇదంతా రాసుకున్నాను. నా డైరీలన్నిటికీ అదే మొదటి పేజీ.

రిటైరయ్యాక మేం కొందరం కలిసి, మనకన్నా పేద దేశాల్లో పంపులూ బడి గదులూ కట్టించే ఒక చిన్న సంస్థ నడుపుతున్నాం. పని పూర్తయిన చోటి నుంచి ఫోన్‌కు ఫోటోలు వస్తాయి. మిగతావాళ్లు పిల్లల నవ్వులు చూసి మురిసిపోతారు. నేను ఫోటో పెద్దది చేసి పెదాలు చూస్తాను. ఆ ప్రెసిడెంటు పోయి చాలా కాలమైంది. నేను ఆయన్ని క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

మొన్న ఆఫ్రికా నుంచి వచ్చిన ఫోటోలో పంపు చుట్టూ తొమ్మిది మంది పిల్లలున్నారు. తొమ్మిది నోళ్లూ పొడిగా ఉన్నాయి. టికెట్టు తీయించాను. నిన్న చింతపండు వేసి ఇత్తడి గ్లాసు తోముకున్నాను.