నేను లేని హాస్టల్

మాకు సాయం చేసేవాళ్లు ఒక ఏడాది హైదరాబాద్ నుంచి ఒక శిక్షకుణ్ణి పంపారు. సంస్థను బలపరచడానికట. అప్పటికే నేను కోస్గిలో వలస కూలీల పిల్లల కోసం చాలా ఏళ్లుగా హాస్టల్ నడుపుతున్నాను. దసరా దాటగానే తల్లిదండ్రులు మేస్త్రీ వెంట ముంబయి బస్సెక్కుతారు, ఉగాదికి తిరిగొస్తారు. ఆ మధ్యకాలమంతా పిల్లలు మా దగ్గరే తిని, పడుకుని, ఊళ్లో బడికి పోతారు. ఇంతకంటే బలం ఏం కావాలని నాకు కాస్త మండింది.

వచ్చినతను నా కొడుకు వయసువాడు, నెమ్మదస్తుడు. అందరినీ కూర్చోబెట్టి చార్టు మీద సంస్థ బొమ్మ గీయమన్నాడు. వంటామె, టీచరు, వార్డెన్, అందరూ మధ్యలో ఒక పెద్ద సున్నా చుట్టి అందులో నన్ను కూర్చోబెట్టారు. వంటామె నా కళ్లద్దాలు కూడా గీసింది. నేను మురిసిపోయాను. అతను మాత్రం ఆ చార్టుల వంక దిగులుగా చూసి, మీకు జ్వరమొస్తే ఏమవుతుంది మేడమ్ అని అడిగాడు. నాకు జ్వరం రాదని చెప్పాను. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ ఎత్తుకున్నాడు. ఆ పూట ఆయనకు చాయ్ ఇవ్వలేదు.

జ్వరం రాలేదు గానీ మోకాలు మొరాయించింది. ఆపరేషన్ తప్పదన్నాడు మహబూబ్‌నగర్ డాక్టరు. ఆయనకు వీలు కుదిరింది సరిగ్గా దసరా తర్వాత, బస్సులు కదిలే వారంలోనే. వాయిదా వేద్దామంటే, ఇంకా ఆలస్యం చేస్తే నడక కష్టమన్నాడు.

నా భయమంతా ఒక పిల్ల గురించి. తండా పిల్ల, ఏడో తరగతి, లెక్కల్లో చురుకు. వాళ్లమ్మ ఏటా ఆ పిల్ల చేతిని నా చేతిలో పెట్టి, నేను "నేనున్న, నువ్వు పో" అంటేనే బస్సెక్కేది. తమ్ముణ్ణి చూసుకోవడానికి పిల్లను వెంట తీసుకుపోదామని తండ్రి ఎప్పటినుంచో అంటున్నాడు. ఒక్కసారి ఆ బస్సెక్కిందంటే చదువు అక్కడితో సరి.

ఈ మాట చెప్పగానే శిక్షకుడు చార్టులన్నీ చుట్టి పక్కన పెట్టేశాడు. అయితే ఆ చేయి అందుకునే మనిషి ఇంకొకరు కావాలన్నాడు. మా వార్డెన్‌ను పిల్లలు ఆపా అంటారు. కోస్గి బజారులో గాజుల దుకాణం వాళ్ల కోడలు, తక్కువ మాట్లాడే మనిషి. పిల్లలకు తలలు దువ్వేదీ, ఒంట్లో బాగా లేకపోతే దవాఖానకు తీసుకుపోయేదీ ఆమే. కానీ తండాల్లో ఎవరికీ ఆమె ముఖం తెలియదు. తండాలకు ఎప్పుడూ నేనొక్కదాన్నే పోయేదాన్ని మరి.

ఆ వానాకాలమంతా శిక్షకుడు నాకు మౌనవ్రతం పెట్టాడు. మీటింగుల్లో ఆపా మాట్లాడాలి, నేను వెనక కూర్చుని నోరు మెదపకూడదు. చేతికి పని ఉంటే నోరు ఊరుకుంటుందని వంటామె నా ముందు పల్లీల చాట పెట్టింది. ఎవరి మాట నాకు నచ్చకపోయినా నాలుగు పల్లీలు వొలిచి నోట్లో వేసుకున్నాను. మీటింగు అయ్యేసరికి చాటలో పొట్టు మాత్రమే మిగిలింది. తండాకు పోతే ఆటోలో కూర్చోవడం నా డ్యూటీ. ఆ తల్లి ఆపాతో మాట్లాడుతూనే మాటిమాటికీ ఆటో వంక చూసేది. నాకు లోలోపల సంబరంగా ఉండేది, ఆ వెంటనే సిగ్గేసేది.

ఆపరేషన్ అయింది. మంచం మీద నుంచే హాస్టల్‌కు ఫోన్ చేశాను.

"అక్కా, కాలు ఎట్లుంది? ఈడ ఫికర్ చెయ్యకుండ్రి. ట్రైనింగ్ సారు మీతోని ముచ్చట పెట్టొద్దన్నడు," అని ఆపా ఫోన్ పెట్టేసింది.

నా హాస్టల్ నుంచి నాకే ఫోన్ పెట్టేస్తే ఒళ్లు మండదా? ఆ కోపం పాపం నర్సు మీద చూపించాను.

చేతికర్రతో హాస్టల్ గేటు దాటిన రోజు నా కళ్లు ముందు ఆ పిల్ల కోసమే వెతికాయి. కుళాయి దగ్గర పళ్లెం కడుగుతూ కనిపించింది. నన్ను చూసి నవ్వి, మళ్లీ తన పళ్లెం తను కడుక్కుంది. నాకు ఏడుపొచ్చింది. బస్సెక్కే రోజు వాళ్లమ్మ నేను లేనని విని గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయిందట. ఆపా తొందరపెట్టలేదట. పిల్ల పెట్టె లోపల పెట్టి, తల్లికి పడక చూపించి, వంటామెనూ టీచరునూ పిలిచి ఎవరు ఏ పని చూస్తారో వాళ్ల నోటితోనే చెప్పించిందట. నేనైతే "నేనున్న" అనేసి పంపేసేదాన్ని.

ఉగాదికి ఆ తల్లి వచ్చింది. నేను వరండాలో కాలు చాపుకుని కూర్చున్నాను. నేను లేనని చాలా దిగులుపడ్డావట కదా అని, కొంచెం గొప్పగానే అడిగాను. ఆమె నా పక్కన కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది.

"నువ్వొక్కదానివే ఉన్నన్ని రోజులు నాకు ఆడ నిద్రనే వట్టకపోయేది అక్కా," అంది. "నీకేమన్న అయితే నా బిడ్డనెవరు జూస్తరని. గీయేడు మంచిగ నిద్రవోయిన."