గ్రౌండులోకి వచ్చిన నాన్నలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆడపిల్ల పరిగెత్తడమంటే వానొచ్చినప్పుడే. దండెం మీద బట్టల కోసమో, కళ్లంలో ఆరబోసిన వడ్ల కోసమో పరిగెత్తితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. మిగతా రోజుల్లో పరిగెత్తితే మాత్రం ఏదో ఒక అరుగు మీంచి "ఏంటే ఆ పరుగు?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఏం చెప్పాలో తెలిసేది కాదు. అందుకని నడిచేవాళ్లం.

మాది రెడ్డిగూడెం దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. చుట్టూ మామిడి తోటలు, పల్లంలో కాసిని వరిచేలు. మా నాన్నకి ఆరెకరాల తోట ఉండేది, సగం బంగినపల్లి, సగం చిన్నరసాలు. ఆ తోటకి కాపలా ఉండే బాబాయి కూతురూ నేనూ హైస్కూల్లో ఒకే తరగతి, ఒకే బెంచీ. ఆటల పీరియడంటే మగపిల్లలకి గ్రౌండు, మాకు వరండా. వాళ్లు ఆడుతుంటే మేం గోడకి ఆనుకుని కూర్చుని లెక్కలు చేసుకునేవాళ్లం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా స్కూలుకి డ్రిల్లు టీచరుగారు వచ్చారు. ముప్పై ఏళ్లుంటాయేమో. బాపులపాడు వైపు నించి రెండు బస్సులు మారి వచ్చేవారు. చీర కొంగు నడుముకి దోపుకుని, కాళ్లకి కాన్వాసు బూట్లు వేసుకునేవారు. చీర కింద బూట్లు చూసి మొదటి రోజు మేం నవ్వాం. రెండో రోజు ఆవిడ మమ్మల్ని వరండాలోంచి లేపి గ్రౌండులో నిలబెట్టారు. ముగ్గుపిండితో గీతలు గీసి, ఒకరు ఇటు ఒకరు అటు చూస్తూ వరసగా కూర్చోవడం, వీపు తట్టి "ఖో" అనడం, లేచిన కాలు లేచినట్టే దూకడం నేర్పారు.

పన్నెండు మందిమి మొదలెట్టాం. రెండు వారాలు తిరిగేసరికి ఏడుగురం మిగిలాం. మానేసిన వాళ్లంతా ఒకటే మాట చెప్పారు, మా నాన్న వద్దన్నారండీ అని. టీచరుగారు ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, మీ నాన్నని నువ్వు అడిగావా అని అడిగారట. ఒక్కరూ అడగలేదు. వాళ్ల అమ్మలూ అడగలేదు. నాన్న వద్దంటారేమో అన్న భయమే, ఇంట్లో ఎవరూ అడక్కుండానే, "వద్దన్నారు"గా మారిపోయింది. ఆవిడ కోప్పడలేదు. తండ్రులు పగలు ఎక్కడుంటారని మాత్రం అడిగారు. తోటల్లో అని చెప్పాం.

అప్పుడు తోటల్లో పని పల్చబడే రోజులు. పూతకి ఇంకా నెలపైన టైముంది. నేను నాన్నకి క్యారేజీ పట్టుకెళ్లిన మధ్యాహ్నం టీచరుగారు గట్టు దాటి వస్తూ కనపడ్డారు. ఆట సంగతి నేను ఇంట్లో చెప్పనేలేదు. నాన్న పాదులు తవ్వడం ఆపి, తలకి చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఆవిడ నా మాటే ఎత్తలేదు. నన్నసలు చూడనట్టే ఉన్నారు.

"అన్నయ్యగారూ, స్కూలు గ్రౌండంతా రాళ్లండీ. నేల చదును చేయడం నాకు రాదు. మీకు చేతనైన పని. ఆదివారం ఒక్క గంట వచ్చి చూస్తారా?"

నాన్న ఏ మాటకైనా అరగంట ఆలోచించే మనిషి. కానీ నేల సంగతి అడిగితే కాదనలేడు. ఎలాంటి నేలండీ, ఎర్రదా, నల్లరేగడా అని అడిగాడు. ఆ ప్రశ్న వినగానే నాన్న వెళ్తాడని నాకు తెలిసిపోయింది.

అలా ఆవిడ పన్నెండు మంది తండ్రుల్నీ వెతికి పట్టుకుని అదే మాట అడిగారు. ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. ఎవరి నాన్నకి వాళ్ల కూతురే మంచినీళ్లు తేవాలని మాకు ముందే చెప్పి ఉంచారు. నీళ్ల చెంబులతో మేమూ వెళ్లాం. మానేసిన పిల్లలూ వచ్చారు. గునపాలతో రాళ్లు పెకలించారు, పారలతో మట్టి సర్దారు. మా కాపలా బాబాయి రెండు సరుగుడు గుంజలు చెక్కి తెచ్చాడు. గ్రౌండుకి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పాతారు.

పనయ్యాక టీచరుగారు గుంజల్ని అనుమానంగా చూశారు. పిల్లలు వీటిని పట్టుకుని గిర్రున తిరుగుతారండీ, ఊగుతాయేమో మీరే ఒకసారి తిరిగి చూడండి అన్నారు. ఒకాయన పట్టుకుని తిరిగాడు. ఊగలేదు. పరిగెత్తుకుంటూ వచ్చి పట్టుకుంటే అన్నారు ఆవిడ. ఇంకొకాయన పరిగెత్తుకుంటూ వచ్చి పట్టుకున్నాడు. వెనకాల ఎవరన్నా తరుముతుంటే, అన్నారు. అప్పటికి మేం గీత మీద వరసగా కూర్చునే ఉన్నాం. తండ్రులకి సంగతి అర్థమై నవ్వేశారు. పంచెలు ఎగ్గట్టారు.

ఆ పొద్దుటిపూట లాంటిది నా జీవితంలో మళ్లీ రాలేదు. ముగ్గురు ముగ్గురుగా తండ్రులు లోపలికి దిగారు. పెద్ద రైతు ఒకాయన నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. కాపలా బాబాయి బక్కపల్చని మనిషి, ఎవరికీ దొరకలేదు. చివరికి ఆయన కూతురే గాల్లోకి లేచి ఆయన చొక్కా అంచు అందుకుంది. మా నాన్న మూడో జట్టులో దిగాడు. నేను ఆయన వెనకాల పరిగెత్తాను. గుంజ దగ్గర ఎడమకి వంగి కుడికి తిరిగాడు. ఆ ఎత్తు ముందే కనిపెట్టి నేనూ కుడికే తిరిగాను. నా అరచెయ్యి ఆయన వీపు మీద పడింది. చెమటకి బనీను తడిసి ఉంది. బుద్ధి తెలిశాక నాన్నని ముట్టుకోవడం అదే మొదటిసారేమో. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ నా వైపు చూశాడు.

"ఎప్పుడు నేర్చుకున్నావే ఇదంతా?"

తర్వాత ఐదు ఆదివారాలు తండ్రులు తమంతట తామే వచ్చారు. మానేసిన పిల్లలూ మళ్లీ ఆటలో చేరారు. ఒకాయన విజిల్ ఊదడం నేర్చుకున్నాడు. ఒకాయన రిస్టువాచీ పెట్టుకొచ్చి టైము చూసేవాడు. నాన్న సైకిలు మీద ఇంటికి తీసుకెళ్తూ, కాలు కాదు ముందు భుజం తిప్పు, కాలు దాని వెనకాలే వస్తుంది అని నాకే పాఠం చెప్పేవాడు. అమ్మ వింతగా చూసేది. వానలేని రోజున నేను వీధిలో పరిగెత్తినా, అరుగుల మీదివాళ్లు ఫలానా వాళ్లమ్మాయి ఆట నేర్చుకుంటోంది అనడం మొదలెట్టారు.

పోటీలకి నూజివీడు వెళ్లాం. ప్రతి పిల్లతోనూ వాళ్ల నాన్న రావాలని టీచరుగారు షరతు పెట్టారు. పెద్ద రైతు ట్రాక్టరు కట్టించాడు. దారి పొడుగునా తండ్రులు మాకంటే ఎక్కువ అరిచారు. మొదటి ఆట గెలిచాం. గెలిచాక నాన్న నా తలమీద చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు.

రెండో ఆట మొదలైన కాసేపటికి, తాడు అవతల నిలబడ్డ కుర్రాళ్లు కొందరు ఈలలు వేయడం మొదలుపెట్టారు. తర్వాత మాటలు. మా జట్టులో అప్పుడు తరుముతున్నది నా స్నేహితురాలు, కాపలా బాబాయి కూతురు. ముందు ఆ పిల్లని అన్నారు. ఆ తర్వాత నన్ను. ఆ మాట ఇప్పటికీ నేను నోటితో అనను. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు నవ్వారు. నేను వీపు తిప్పి కూర్చుని ఉన్నాను, ఖో కోసం ఎదురుచూస్తూ. ఎదురుగా గీత అవతల నాన్న కనపడుతున్నాడు. ఆయన విన్నాడు. మొహం నల్లబడింది. అటు వెళ్తాడనుకున్నాను. తాడు దగ్గరికి వెళ్లి ఎవరి చొక్కా అన్నా పట్టుకుంటాడనుకున్నాను. పెళ్లిళ్లలో, పంచాయితీల్లో నాన్న గొంతుకి జనం సర్దుకునేవాళ్లు.

ఆయన తాడు వైపు వెళ్లలేదు. గీత దాటి నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి పట్టుకుని లేపాడు.

"ఇంటికి పద."

టీచరుగారు పరిగెత్తుకొచ్చారు. "అన్నయ్యగారూ, పంపించాల్సింది వాళ్లనండీ. పిల్లని కాదు."

"మీకు తెలీదమ్మా," అన్నాడు నాన్న తల దించుకుని. "రేపు ఊళ్లో తలెత్తుకు తిరగాల్సింది మేం."

ఒకరి తర్వాత ఒకరు తండ్రులు లోపలికి వచ్చి ఎవరి పిల్లని వాళ్లు తీసుకుపోయారు. ఐదు నిమిషాల్లో గ్రౌండు ఖాళీ. కాపలా బాబాయి ఒక్కడే కదల్లేదు. కూతురు గుంజ దగ్గర నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆయన చేత్తో, ఉండు అని సైగ చేశాడు. కానీ ఒక్కత్తే ఎవరితో ఆడుతుంది? ట్రాక్టరు మీంచి పెద్ద రైతు కేకేశాడు. ఆ కేకని మా నాన్నకయితే కాదనే వీలుంది, ఆయనకి లేదు. వచ్చి ట్రాలీలో చివర కూర్చున్నాడు. ఈలలు వేసినవాళ్లు అక్కడే ఉన్నారు, తర్వాతి ఆట చూడ్డానికి.

మర్నాటి నించి టీచరుగారు మళ్లీ ఇంటింటికీ తిరిగారు. మా గుమ్మంలోకి వచ్చినప్పుడు నాన్న వెనక గదిలో ఉన్నాడు. ఊళ్లో లేరని చెప్పమన్నాడు, అమ్మ చెప్పింది. నాన్న చెప్పులు మెట్టు మీదే ఉన్నాయి. టీచరుగారు ఆ చెప్పుల్ని చూశారు. చూసి కూడా, వచ్చాక చెప్పండమ్మా, ఆదివారం గ్రౌండు దగ్గరే ఉంటానని, అన్నారు.

ఆదివారం కరివేపాకు కోసం వెళ్తున్నానని చెప్పి స్కూలు వెనక దారిన వెళ్లాను. ఆవిడ గీతలు గీసి పెట్టి, గుంజకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. రెండు బస్సులు మారి వచ్చి ఉంటారు. నేను కంచె దాటి లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఏమయ్యేదో తెలీదు. ఎండెక్కేదాకా కూర్చుని, లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయారు. అలా ఎన్ని ఆదివారాలు వచ్చారో నేను లెక్కపెట్టలేదు, రెండోసారి చూసే ధైర్యం లేక. వేసవి సెలవులు అయ్యేసరికి ఆవిడకి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన మాస్టారు మమ్మల్ని మళ్లీ వరండాలో కూర్చోబెట్టాడు.

నా స్నేహితురాలు పదిలోకి రాలేదు. ఆ వేసవి మా తోటలోనే కాయలు మోసింది. తలమీద నిండు గంపతో పాకలోకి వస్తుంటే నేను మంచం మీద కూర్చుని చూశాను. కాయ దెబ్బ తింటుందని మా నాన్నే ఆమెకి చెప్పేవాడు, మెల్లిగా నడవమ్మా అని.

నాన్నతో ఆ మాట ఎత్తడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయనకి సరిగ్గా కనపడేది కాదు. నాన్నా, గ్రౌండులో మనం ఆడిన రోజు గుర్తుందా అని అడిగాను.

"నువ్వు నా వీపు మీద కొట్టింది గుర్తుందమ్మా. కానీ కళ్లు మూసుకుంటే వాళ్ల మాటలే వినపడతాయి. ఇప్పటికీ."

అటు ఎందుకు వెళ్లలేదు నాన్నా అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన చేతికర్ర కోసం తడుముకుంటుంటే తీసి చేతికిచ్చాను.

ఇప్పుడు నూజివీడులో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవరాలి స్కూల్లో ఆడపిల్లలకి వాలీబాల్ మొదలుపెడితే పిల్లలు నిలబడటం లేదని టీచర్లు వాపోతుంటే, తండ్రుల్ని పిలవండి, పిల్లల్ని పంపమని కాదు, ఏదైనా పని చెప్పి పిలవండి అన్నాను. నెట్టు కట్టడానికని ఫోన్లలో మెసేజీ పెట్టారు. మొదటి శనివారం ముగ్గురు వచ్చారు. ఫోన్లు చూసుకుంటూ గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయారు. రెండో శనివారం ఒకరొచ్చారు. పోయిన శనివారం నేనూ ఆటల టీచరూ తప్ప ఎవరూ లేరు. నాలుగేళ్లు పోతే వచ్చేవాళ్లు ఎక్కువవుతారని ఆ టీచరమ్మాయి అంది. నేను అవునని తలూపాను గానీ, నమ్మి కాదు.

టీచరుగారు మాకు నేర్పింది తండ్రిని గ్రౌండులోకి తీసుకురావడం ఎలాగో. అది వచ్చు నాకు. వచ్చిన తండ్రి, కూతుర్ని ఎవరన్నా ఒక మాటంటే, ఆ అన్నవాళ్ల వైపు తిరగాలని నేర్పడం ఆవిడకీ చేతకాలేదు, నాకూ కాలేదు. కానీ నాన్నని అడగలేకపోయిన రోజు నించి ఆడపిల్ల తండ్రి ఎవరు కనపడినా, పెళ్లిలో అయినా, బస్సులో అయినా, ఆ ఒక్కటి అడగకుండా ఉండలేను. మీ అమ్మాయి ఆడుతుంటే ఎవరన్నా ఏదన్నా అంటే మీరు ఎటు తిరుగుతారండీ అని. కొందరు నవ్వేస్తారు. కొందరు మాట మారుస్తారు. మొన్న మా అల్లుణ్ణే అడిగాను. "అలాంటి చోటికి అసలు పంపించం కదా అత్తయ్యగారూ," అన్నాడు ఎంతో ప్రేమగా. పక్కగదిలో మనవరాలు చదువుకుంటున్న చప్పుడు ఆగిపోయింది. రేపు మళ్లీ అడుగుతాను.