చేతులు కత్తిరించిన నల్ల గౌను

గొర్రె పేగులు కడిగిన చేతులు నావి. మా వాకిలి ముందు చచ్చిన గాడిదను ఈడ్చుకుపోయిన రోజు కూడా మధ్యాహ్నం జొన్న ముద్ద తిని చేతులు నాక్కున్నాను. అలాంటిదాన్ని, ఈమధ్య ఒక ఉన్ని గౌను తిరగేసి చూసి రెండు రోజులు ముద్ద మింగలేకపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే నోట్లో ఉమ్మి ఊరుతుంది. ఛీ.

ఆ గౌను సంగతి చెప్పాలంటే ముందు ఖొపొత్సో సంగతి చెప్పాలి. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక రాతి గోడ, అదీ నడుం ఎత్తు. వాళ్ళింట్లో పొయ్యి మీద ఏం ఉడుకుతోందో నాకు తెలుస్తుంది. తెలియకపోతే అడుగుతాను. పందొమ్మిదేళ్ళప్పుడు కింది లోయ నుంచి మొహాపి పెళ్ళాంగా వచ్చింది. పది చదివింది. ముత్యాల్లాంటి రాత. మా వీధిలో ఎవరికి ఉత్తరం రావాలన్నా పోవాలన్నా ఆ పిల్ల చేతి మీదుగానే. మాట మాత్రం పైకి రాదు. నవ్వొచ్చినా చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది.

మొహాపి సరిహద్దు అవతల బంగారు గనుల్లో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకుని ఇంటికొచ్చాడు. రెండేళ్ళు దగ్గాడు. ఫిబ్రవరిలో పోయాడు. ఆ రెండేళ్ళూ గిన్నెలో కఫం పట్టి, మోసి, పారబోసింది ఆ పిల్లే. ఒక్కసారి మొహం చిట్లించగా చూడలేదు నేను.

మా మొఖొత్లొంగ్ కొండల్లో మొగుడు పోయిన ఆడదానికి నల్లబట్టలు తొడిగేది అతని మేనత్త. ఆరు నెలలయ్యాక విప్పేదీ ఆవిడే. ఈలోగా నల్ల రుమాలు కావాలన్నా సరే, ఆవిడ చేతి మీదుగా రావాల్సిందే, తను కొనుక్కోకూడదు. గౌను లోపల, ఎడమ రొమ్ము దగ్గర, పోయినవాడి బట్టలోంచి బొటనవేలంత ముక్క కోసి కుడతారు. ఖొపొత్సో గౌనులో మొహాపి గనిలో తొడుక్కున్న నీలం చొక్కా ముక్క ఉంది. పైన నల్ల శాలువా, గొంతు దగ్గర ఈ పొడుగు పిన్నీసు. విప్పిన రోజు బట్టలూ ఆ ముక్కా కలిసి కాలి బూడిద కావాలి. ఒకరి దుఃఖం ఇంకొకరి ఒంటి మీదకి రాకూడదు కదా.

మేలో ఆ పిల్లకి ఉన్ని సంఘం ఆఫీసులో పని దొరికింది. గొర్రెల రైతులు వస్తే కాగితం తీసుకుని, పేరు రాసి, లోపలికి పంపాలి. మూడు నెలలు చూస్తారట, నచ్చితే ఉంచుతారట. ఉంచకపోతే దారి ఒక్కటే. ఇద్దరు ఆడపిల్లలతో మరిది ఫాకో ఇంటికి వెళ్ళి వాడి పొయ్యి ముందు కూర్చోవడం. ఫాకో సంగతి నాకు తెలుసు. సంకటి తిన్న వేళ్ళతోనే ఆడవాళ్ళ భుజాలు తడిమే రకం. "వదినని నేనే చూసుకుంటాను" అని సారా కొట్లో అందరి ముందూ అన్నాడట. ఎలా చూసుకుంటాడో చెప్పక్కర్లేదు.

జూలై వచ్చింది. మా కొండల్లో చలికాలం అప్పుడే. మంచు పడింది. ఆ ఆఫీసులో ఒక్కటే కిరసనాయిలు హీటరు, అది మేనేజరు లెబుసా కాళ్ళ దగ్గర. వాకిట్లో కౌంటరు దగ్గర కూర్చున్న పిల్లకి వేళ్ళు నీలమెక్కిపోతున్నాయి. బుధవారం నాడు లెబుసా పిలిచి ఏమన్నాడో ఆ పిల్ల గోడవతల నిలబడి చెప్పింది, నేను అడగ్గా అడగ్గా.

"ఇది ఆఫీసమ్మా, చావు ఇల్లు కాదు. ఆ శాలువా చూసి రైతులు అవతలి కౌంటరుకి పోతున్నారు. సోమవారం ఆఫీసు మనిషిలా రా. లేదంటే నీ ఏడుపు అయ్యాకే రా. అప్పటిదాకా ఈ కుర్చీ నీకోసం చూస్తూ కూర్చోదు."

"నలుపు కూడా వద్దన్నాడా?" అన్నాను.

"నలుపు ఫరవాలేదట పెద్దమ్మా. శాలువా వద్దట."

"శాలువా లేకపోతే ఆ తలుపు దగ్గర బిగుసుకు చస్తావు."

"లోపల స్వెట్టర్ వేసుకుందామంటే గౌను చేతుల్లో పట్టదు. నిన్న వేసుకుంటే మోచెయ్యి మడవలేక పెన్ను పట్టుకోలేకపోయాను."

నేను కుట్టుపని చేసిన మనిషిని. ఇంత ఆలోచించడానికి ఏముంది? చేతుల్లేని గౌను కావాలి. లోపల మెడ దాకా వచ్చే నల్ల స్వెట్టర్, కాళ్ళకి దళసరి మేజోళ్ళు, వాటి మీద చేతుల్లేని ఉన్ని గౌను. రొమ్ముకీ నడుముకీ రెండు పొరల వెచ్చదనం, చేతులకి స్వెట్టర్ ఒక్కటే, రాసుకోవడానికి హాయి. చూసేవాడికి ఆఫీసు మనిషి. పైనుంచి చూసే మొహాపికి నల్లబట్టల్లో ఉన్న పెళ్ళాం.

గురువారం మధ్యాహ్నం మాతుసో పాతబట్టల కొట్టుకి వెళ్ళాం. కొనడానికి కాదు, కొనకూడదు కదా. ఏది కావాలో చూసి పెట్టుకుంటే మేనత్తకి చెప్పొచ్చని. మూట అప్పుడే విప్పింది. ఆ కంపు! కలరా ఉండలు, ఎలక, ఎవరివో చెమటలు. ముక్కుకి రుమాలు కట్టుకున్నాను.

"అన్నీ చలిదేశాల సరుకు పెద్దమ్మా" అంది మాతుసో.

"ఆ దేశాల్లో ఒళ్ళు కడుక్కోరా?"

"ఉతికితే పోతుంది."

"పోయేదయితే నువ్వే ఉతికి అమ్మేదానివి."

మొదట చేతికొచ్చింది నల్లగా తళతళలాడేది. వేళ్ళ మధ్య నలిపితే చిటపటమంది. అంతా నైలాను. చలికి అది ఒంటి మీద రేకు పరిచినట్టు ఉంటుంది. పక్కన పెట్టాం. రెండోది మంచి ఉన్ని, కానీ చంకల దగ్గర ఇరుకు. స్వెట్టర్ మీద తొడిగి, అలమరలో పై అరలోంచి కాగితం తీస్తున్నట్టు చెయ్యెత్తమన్నాను. గౌను మొత్తం తొడల మీదికి లేచింది. చేతులు దూర్చే చోట స్వెట్టర్ కాక ఇంకో రెండు వేళ్ళు ఆడాలి. లోపల లైనింగ్ ఉండాలి, లేకపోతే మేజోళ్ళకి పట్టుకుని పైకి పాకుతుంది. కూర్చుంటే మోకాలు కనపడకూడదు. మూడోది అన్నిటికీ సరిపోయింది. పిల్ల సబ్బు పెట్టె మీద కూర్చుని చూసింది, లేచి చూసింది. మొహంలో కళ వచ్చింది. తీరా చంక లోపల చూస్తే తెల్లటి ఉప్పు చారలు, ఒకదాని మీద ఒకటి, చెట్టు మొద్దు కోస్తే కనపడే వలయాల్లా. మధ్యలో గట్టిగా ఎండిపోయిన పసుపు మరక. విప్పించి మూటలోకి విసిరేశాను.

"ఇలాంటిదే, కానీ శుభ్రంగా ఉండాలి" అన్నాను.

"అత్తమ్మ ఒప్పుకుంటే" అంది ఖొపొత్సో.

అత్తమ్మంటే మాలెబోనా, మొహాపి మేనత్త. ఫాకో ఇంట్లోనే ఉంటుంది, వాడి సంకటి తింటుంది. ఆ సాయంత్రమే ఖొపొత్సో ఇంటికి వచ్చింది. నేనూ పిండి జల్లెడ అడిగే వంకతో వెళ్ళి కూర్చున్నాను.

"చేతుల్లేనిదా?" అంది మాలెబోనా. "మొగుడు పోయి ఆరు నెలలు కాలేదు, చేతులు కోసుకుంటావా? రేపు మెడ కోసుకుంటావు, ఎల్లుండి అంచు కోసుకుంటావు."

"లోపల స్వెట్టర్ ఉంటుంది అత్తమ్మా. మణికట్టు దాకా."

"ఎవరికి తెలుసు లోపల ఏముందో! రైతులు వేలు పెట్టి చూస్తారా?"

"నీ బుద్ధి అటే పోతుందేం మాలెబోనా?" అన్నాను.

"నువ్వు జల్లెడ కోసం వచ్చావా, పంచాయితీకి వచ్చావా?"

"రెండూ. ఆ పిల్ల ఉద్యోగం పోతే ఇద్దరు పిల్లల నోట్లోకి నువ్వు పెడతావా?"

"ఫాకో లేడూ? ఇల్లు లేదూ? ఈవిడకి ఆఫీసు కుర్చీలు ఎందుకు?"

ఖొపొత్సో తల ఎత్తలేదు. టీ పోసి, చక్కెర మూడు చెంచాలు వేసి ఆవిడ చేతికిచ్చింది. "సోమవారం లోపల ఏదో ఒకటి మీ చేత్తోనే ఇవ్వండి అత్తమ్మా. మీరు ఏది ఇస్తే అది వేసుకుంటాను. కానీ ఆఫీసుకి మాత్రం వెళ్తాను" అంది. ఆ పిల్ల నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదటిసారి.

మాలెబోనా టీ చప్పరించింది, ఏదో లెక్క వేసుకున్నట్టు. "సరే, మా వంశం పరువు నేను చూస్తాను. నువ్వు ఆ మురికి మూటల్లో దేవులాడకు" అంది.

శనివారం పొద్దున్న పేపర్లో చుట్టి తెచ్చింది. విప్పితే, ఏం చెప్పను! నల్ల ఉన్ని గౌను. మెత్తగా, దళసరిగా, మెడ గుండ్రంగా, లోపల లైనింగ్. చేతుల్లేవు. చంకల దగ్గర వదులు సరిగ్గా రెండు వేళ్ళు. ఖొపొత్సో స్వెట్టర్ మీద తొడుక్కుని చెయ్యెత్తింది, కూర్చుంది, లేచింది. మోకాళ్ళ కింద అంచు కదల్లేదు.

"కొత్తదా?" అన్నాను.

"మరి! మా కోడలికి పాతది పెడతానా?" అంది మాలెబోనా. మనిషి ఉబ్బిపోయింది.

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. గౌను విప్పి ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. నా వేళ్ళు ఊరుకోవు, తీసుకుని తిరగేశాను. చేతులు ఉండే చోట కుట్లు చూశాను. ఆ దారం నిన్నటిది. మిగతా కుట్లు పాతవి. చేతులు ఉండేవి, కోసేశారు. మోచేతులు అరిగిపోయి ఉంటాయి. అక్కడితో ఆగినా బాగుండేది. లైనింగు కింద ఎడమవైపు ఏదో గట్టిగా తగిలింది. గోటితో పైకి లాగాను.

ఎర్ర గళ్ళ ఫ్లానెల్ ముక్క. బొటనవేలంత.

ఏటి అవతల బస్సు డ్రైవరు త్సెకెలో చలికాలం ఎండాకాలం ఒకే ఎర్ర గళ్ళ చొక్కా తొడుక్కునేవాడు. ఈ రోడ్డు మీద బస్సెక్కిన వాళ్ళందరికీ ఆ చొక్కా తెలుసు. అతను పోయింది నవంబరులో. అతని పెళ్ళానికి మేలో నల్లబట్టలు విప్పారు. విప్పిన బట్టలు కాల్చే పని ఊళ్ళో పెద్ద ముండరాలిది. అంటే మాలెబోనాది. గొర్రె మాంసంలో కాలు ముక్క కూడా పుచ్చుకుంది ఆ పనికి.

నా చేతిలోంచి గౌను జారిపోయింది. వేళ్ళు పావడాకి తుడుచుకున్నాను, ఇంకా తుడుచుకున్నాను. "ఇది త్సెకెలో పెళ్ళాం ఏడ్చిన గౌను" అన్నాను.

మాలెబోనా మొహంలో సిగ్గు కనపడుతుందని చూశాను. ఎక్కడా లేదు. "ఉన్ని ఉన్నే. దానికి ఎవరి మొగుడు పోయాడో తెలుసా? ఇంత మంచి బట్టని నిప్పుల్లో వెయ్యడానికి చేతులెలా వస్తాయి?" అంది.

"మాంసం తినడానికి చేతులొచ్చాయి."

"నీ నోరు మూసుకో మామోసా."

"ఇంకా ఎన్ని దాచావే? నీ పెట్టెలో ఎంతమంది విధవల చెమట ఉంది?"

ఆవిడ చూపు గోడ మీదికి పోయింది. అంటే చాలా ఉన్నాయన్నమాట. ఆ పెట్టె మీదే కూర్చుని ఆవిడ సంకటి తింటుంది. గడప బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాను.

వచ్చేసరికి ఖొపొత్సో కత్తెర తీసింది. ఎర్ర ముక్క చుట్టూ కుట్లు ఒక్కొక్కటే తెంపింది, గుడ్డ చిరక్కుండా. దాన్ని అరచేతిలో పెట్టి మేనత్త ముందుకి చాచింది.

"ఇది ఎవరి మొగుడో తెలిసిన మనిషి మీరు. పొయ్యి ఉంది, వెయ్యండి."

మాలెబోనా కదల్లేదు. పిల్ల చెయ్యి కూడా కదల్లేదు. చివరికి ఆ ముసల్ది రెండు వేళ్ళతో పట్టుకుని పొయ్యిలో వేసింది. పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

"ఇక దాన్నీ పొయ్యిలో వెయ్యి" అన్నాను గౌను చూపించి.

"వెయ్యను పెద్దమ్మా."

"ఏమిటే? ఒంటి మీద వేసుకుంటావా? పీడ పట్టుకుంటుంది!"

"మూడు కాళ్ళ కుండలో చిటికెడు సోడా వేసి, ఉన్ని ముడుచుకోకుండా సన్న సెగ మీద కాస్తాను. రంగు పొట్లం కూడా వేస్తాను. రేపు ఎండకి ఆరుతుంది." ఆ పిల్ల గొంతు మామూలుగానే ఉంది. "మొహాపి కఫం గిన్నె రెండేళ్ళు కడిగాను. ఇది కడగలేనా? ఫాకో చెయ్యి నా భుజం మీద పడితే అది ఏ సోడాతో కడుక్కోను?"

ఇంటికెళ్ళి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. ఆ సాయంత్రమంతా గోడవతల నుంచి కాగుతున్న ఉన్ని వాసన, తడిసిన కుక్క వాసనలాంటిది, మా ఇల్లంతా కమ్మేసింది.

సోమవారం పొద్దున్న అది తొడుక్కుని, కింద స్వెట్టర్, లోపల ఎడమవైపు మొహాపి నీలం ముక్క కుట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. నేను తలుపు సందులోంచి చూశాను. అబద్ధం చెప్పను, బాగుంది. లెబుసా హీటరు దగ్గర్నుంచి కాళ్ళు తియ్యకుండానే, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నాడట. అంతకుముందు ఏమిటో! ఆ శుక్రవారమే ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం ఇచ్చాడు. సంతకం మీద టీ మరక.

ఇంక నాకు పుండు మీద కారం చల్లే సంగతి చెప్తాను. మాలెబోనా ఊరంతా తిరిగి, "నేను కొనిపెట్టిన గౌనుతోనే మా కోడలికి ఉద్యోగం వచ్చింది" అని చెప్పుకుంటోంది. ప్రతి ఆదివారం వచ్చి ఆ ఇంట్లో కూర్చుంటుంది. ఖొపొత్సో టీ పోస్తుంది. చక్కెర మూడు చెంచాలు.

"నీకు రోత పుట్టదూ?" అని అడిగేశాను నిన్న, గోడ మీంచి.

"పుడుతుంది పెద్దమ్మా" అంది. కప్పు కడుగుతోంది, లోపలా బయటా, ఇసుక పెట్టి. "ఆగస్టులో నా నల్లబట్టలు ఆవిడ చేత్తోనే విప్పాలి. అప్పటిదాకా పోస్తాను. విప్పాక నా బట్టలు ఆవిడ చేతికి ఇవ్వను, నా పొయ్యిలో నేనే వేసుకుంటాను. అప్పుడు మీరు కూడా వచ్చి నిలబడాలి."

వస్తానన్నాను. ఇంకా మూడు ఆదివారాలున్నాయి. ఆ ముసల్ది టీ చప్పరించే చప్పుడు మా ఇంట్లోకి వినపడుతుంది.